సీతమ్మ గుట్ట మీద, అన్నదమ్ములు గుట్ట కింద

రాయల్పాడులో బోర్డులు కన్నడంలో ఉంటాయి, మాటలు తెలుగులో వినిపిస్తాయి. మదనపల్లె వైపు కాస్త పోతే ఆంధ్ర. ఇటు దిగితే శ్రీనివాసపురం, ముళబాగిలు, కోలారు. జీవనది ఒక్కటీ పారని కోలారు జిల్లా ఇది. చెరువులు, మామిడితోపులు, బోడిగుట్టలు. ఊరి పేరు ఎందుకొచ్చిందని అడిగితే మాత్రం ప్రతి చోటా ఓ పురాణం విప్పుతారు. ఆ కథలు వినాలనే బయలుదేరాను.

శ్రీనివాసపురం పాత పేరు పాపనపల్లి. మైసూరు దివాను పూర్ణయ్య తిరుపతి యాత్ర చేసి తిరిగొస్తూ, తన కొడుకు శ్రీనివాసమూర్తి పేరు ఈ ఊరికి పెట్టాడంటారు. బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒప్పుకోలేదు. "తిరుపతి దోవలో ఉండే ఊరప్పా ఇది. స్వామి పేరు గాక ఇంకెవురి పేరు పెడతారు?" అన్నాడు. పూర్ణయ్య దివానుగిరీ 1811లో ముగిసింది. ఈ రెండు వందల ఏళ్లలో దివానుగారి కొడుకు మరుగునపడి, ఏడుకొండలవాడు మిగిలాడు. స్థలపురాణం ఎలా పుడుతుందో ఆ సీట్లోనే చూశాననిపించింది.

ముళబాగిలు అంటే మూడల బాగిలు, తూర్పు వాకిలి. పడమటి సీమల నుంచి తిరుపతికి నడిచిపోయే యాత్రికులు ముందు ఇక్కడి నరసింహతీర్థంలో స్నానం చేసేవారట. 15వ శతాబ్దపు హరిదాసు శ్రీపాదరాజుల బృందావనం ఆ తీర్థం దగ్గరే ఉంది. ఊళ్లో ఆంజనేయుణ్ణి అర్జునుడు ప్రతిష్ఠించాడని ప్రతీతి. యుద్ధమంతా రథం మీది జెండాలో నిలిచి కాచినవాడికి అర్జునుడు తీర్చుకున్న రుణమన్నమాట. సుమారు 10 కిలోమీటర్ల దూరంలో కురుడుమలె. త్రిపురాసుర సంహారానికి ముందు త్రిమూర్తులు ఇక్కడ కూడి వినాయకుణ్ణి నిలిపారని, కూడిన మలె కాబట్టి కూడుమలె అని చెబుతారు. పదమూడు అడుగులకు పైబడిన ఏకశిలా గణపతి ఎదుట నిలబడితే, ఇంత విగ్రహం మనుషుల పని కాదని జనం ఎందుకనుకున్నారో అర్థమవుతుంది.

నా మనసు మాత్రం ఆవని అనే ఊళ్లోనే ఆగిపోయింది.

వాల్మీకి ఆశ్రమం ఇక్కడే ఉండేదనీ, సీతమ్మ కుశలవులను ఇక్కడే కన్నదనీ ఊరి నమ్మకం. గుట్ట కింద ఒకే ప్రాకారంలో రామలింగేశ్వర, లక్ష్మణేశ్వర, భరతేశ్వర, శత్రుఘ్నేశ్వర ఆలయాలున్నాయి. అశ్వమేధం గుర్రాన్ని పట్టిన పిల్లలతో, తమ బిడ్డలని తెలియక యుద్ధానికి దిగిన పాపం పోవడానికి అన్నదమ్ములు తలా ఒక లింగాన్ని ప్రతిష్ఠించారట. నల్లని స్తంభాల మధ్య ఆ నాలుగు గుళ్లూ చూసుకుని గుట్ట ఎక్కాను. దోవలో ఒక గుహ. పిల్లలు పుట్టింది అందులోనేనంటారు. పైన సీతమ్మ గుడి. సంతానం లేని ఆడవాళ్లు అంత ఎండలోనూ ఎక్కి వస్తున్నారు.

"రామయ్య గుడి కిందుంది, ఆయమ్మది పైనుంది. ఎందుకమ్మా?" అని పూలమ్మే అవ్వను అడిగాను.

"తప్పు చేసినోళ్లు కిందుండల్ల గదా నాయనా," అంది, మాల చుడుతూనే.

రామాయణం మీద ఎన్నో చర్చలు విన్నాను. వాల్మీకి చివర్లో సీతను భూమిలోకి పంపాడు. ఆవని జనం ఆమెను పైకెక్కించి, మగవాళ్లను పాదాల దగ్గర ప్రాయశ్చిత్తానికి కూర్చోబెట్టారు. ఇంత సూటి తీర్పు నేనెక్కడా చదవలేదు.

శాసనాల సంగతి వేరు. ఈ గుళ్లు పదో శతాబ్దం నాటి నొళంబులవి. వాళ్ల రాజధాని హేమావతి ఇప్పుడు మన సత్యసాయి జిల్లాలో ఉంది. లక్ష్మణేశ్వరాలయం కట్టించింది నొళంబ రాణి దీవబ్బరసి. త్రిభువనకర్త అనే శైవ యతి 40 ఏళ్లు ఈ స్థానానికి అధిపతిగా ఉండి 50 గుళ్లు, రెండు పెద్ద చెరువులు కట్టించాడని శాసనం చెబుతుంది. నీళ్లకు మొహంవాచిన ఈ సీమలో ఆ రెండు చెరువులకూ ఒక పురాణం అల్లి ఉండవలసింది. గుట్ట దిగేముందు, పూలమ్మే అవ్వకు ఆ యతి సంగతి చెప్పాను. శ్రద్ధగా విని, "ఆ సామి ఏ ఊరోడో?" అని అడిగింది.