దుగరాజపట్నం దారిలో

వాకాడు దాటి దుగరాజపట్నం వైపు నడుస్తుంటే సముద్రం కంటికన్నా ముందు చెవికి అందుతుంది. సరుగుడు తోపుల్లో గాలి హోరేదో, అలల హోరేదో తేల్చుకోవాలంటే ఓ నిమిషం ఆగాల్సిందే. ఇసుక మీద బాలబంద తీగ ఊదారంగు పూలతో పాకుతుంటుంది. అడుగు చప్పుడుకి ఎండ్రకాయ అడ్డంగా పరిగెత్తి బొరియలో దూరుతుంది.

ఇంగ్లీషువాళ్లు 1626లో దిగింది ఈ తీరానే. పులికాట్‌లో డచ్చివాళ్ల పోరు పడలేక ఇటొచ్చి, నూలుబట్టల బేరానికి కొఠీ పెట్టి, ఫిరంగులతో కోట కట్టుకున్నారు. ఆర్ముగాం అన్నారు దాన్ని. ఇక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో దామెర్ల నాయకుల దగ్గర మద్రాసు నేల సంపాదించాక, కొఠీ మూటాముల్లె సర్దుకుంది. మద్రాసు చరిత్ర చెప్పేవాళ్లు ఈ ఊరిని ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకది కాస్త కష్టంగానే ఉంటుంది, నెల్లూరు అభిమానం అనుకోండి!

ఈ తీరం వెంటే సాగే బకింగ్‌హామ్ కాలువదీ అదే కథ. ఒకప్పుడు ఉప్పు, కట్టెలు మద్రాసుకి మోసిన పడవల దారి. 1878లో కరువు పనుల పుణ్యాన మద్రాసు నగరంలోని తెగిన ముక్క కలిశాక అప్పటి గవర్నరు పేరు తగిలించుకుంది. తవ్విన కూలీల పేర్లు ఎవరు రాసిపెట్టారు గనక?

రాష్ట్ర విభజన చట్టం ఇక్కడే పెద్ద రేవు కట్టాలంది, తొలిదశ 2018కల్లా అని గడువూ పెట్టింది. గడువు మాత్రం వచ్చి వెళ్లిపోయింది.