రక్తం ఎక్కించే రోజుల మధ్య

తలసేమియా మేజర్ ఉన్న బిడ్డకు మూడు నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఆ ఒక్కరోజు ఆసుపత్రి చూసుకుంటుంది. మిగిలిన ఇరవై రోజులూ చూసుకోవలసింది తల్లిదండ్రులే. ఆ రోజుల్లో పుట్టే సందేహాలను వారు ఎవరిని అడగాలి?

నేను ప్రభుత్వ సర్వీసులో ఉన్నప్పుడు ఈ తల్లులు ఒకరినొకరు కలుసుకొనే చోటు వార్డు వరండా ఒక్కటే. రక్తం చుక్కచుక్కగా దిగే ఆ మూడు నాలుగు గంటలూ బల్లపై పక్కపక్కన కూర్చొని మాట్లాడుకొనేవారు. డాక్టరు చెప్పింది అర్థం కాకపోతే తిరిగి అడగడానికి జంకేవారు కాని, పక్కనున్న తల్లిని అడగడానికి ఏ సంకోచమూ ఉండేది కాదు. 1998లో హైదరాబాదులో తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఏర్పడింది కూడా ఇటువంటి తల్లిదండ్రులూ కొందరు వైద్యులూ చేతులు కలపడం వల్లనే.

ఇప్పుడు ఆ వరండా ఫోనులోకి వచ్చింది. నేనుండే నాచారంలోనూ, పక్కనే ఉన్న ఉప్పల్‌లోనూ పారిశ్రామికవాడల్లో పనిచేసే కుటుంబాలు చాలావరకు ఊళ్లు విడిచి వచ్చినవే. చేయందించే అమ్మమ్మో, మేనత్తో పక్క వీధిలో ఉండరు. అటువంటి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మా వీధి అమ్మాయి ఒకామె నన్నూ చేర్చింది. పొద్దున్నే వచ్చే పూల బొమ్మలను, శుభోదయాలను ఓర్చుకోగలిగితే అక్కడ వైద్యుడు తెలుసుకోవలసింది చాలా ఉంది.

ఒక రాత్రి పదకొండు దాటాక ఒక తల్లి ‘బాబుకు జ్వరం, ఏం చేయాలి?’ అని అడిగింది. పారాసెటమాల్ వేయమని ఐదారుగురు వెంటనే రాశారు. ఇంకొకాయన తమ అబ్బాయికీ అలాగే వచ్చి తగ్గిందన్నాడు. అప్పుడు మరొక తల్లి, ‘ఐరన్ తగ్గడానికి ఏ మందు ఇస్తున్నారక్కా?’ అని అడిగింది. డెఫెరిప్రోన్ అని జవాబు. ‘అయితే రాత్రికి అది ఇవ్వకండి. ఇప్పుడే ఆసుపత్రికి వెళ్లి రక్తకణాల పరీక్ష చేయించండి’ అని ఆమె రాసింది.

పదో తరగతి చదివిన ఆ తల్లి చెప్పింది అక్షరాలా సరైన మాట. పదేపదే రక్తం ఎక్కించడం వల్ల ఒంట్లో ఇనుము పేరుకొని గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. దానిని బయటికి పంపే మందుల్లో డెఫెరిప్రోన్ ఒకటి. అది వాడే కొద్దిమందిలో తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. అందుకే జ్వరం రాగానే మందు ఆపి పరీక్ష చేయించాలి. బాబు విషయంలో అదే జరిగింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి కోలుకున్నాడు.

అయితే ఆ రాత్రి వచ్చిన మొదటి ఆరు జవాబులనూ మరచిపోకండి. అడగని ప్రశ్నకు అందరూ సమాధానం చెప్పేశారు. ఇదే గ్రూపులో రక్తహీనతకు ఐరన్ టానిక్ తాగించమని సలహా ఇచ్చినవారున్నారు. ఇనుము ఇప్పటికే ఎక్కువైన బిడ్డకు అది మేలు చేయకపోగా హాని చేస్తుంది. ఆకుపసరుతో జబ్బు పూర్తిగా మాయమవుతుందని వీడియోలు పంపేవారూ ఉన్నారు. మందు మోతాదు, మందు మానడం, కొత్త మందు మొదలుపెట్టడం, ఈ మూడూ మీ డాక్టరుతోనే మాట్లాడండి. బిడ్డ ఫోటో, రిపోర్టు వందమందికి పంపేముందు ఆ బిడ్డ రేపు పెద్దవాడవుతాడని కూడా ఆలోచించండి.

గ్రూపు బలం వేరే చోట ఉంది. 2020 లాక్‌డౌన్‌లో రక్తదాన శిబిరాలు ఆగిపోయినప్పుడు దాతలను వెదకడానికి ఎందరో తల్లిదండ్రులకు ఇటువంటి పరిచయాలే అక్కరకొచ్చాయి. కాలేజీలకు సెలవులిచ్చే ప్రతి ఎండాకాలమూ ఆ కొరత కొంత తిరిగి వస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసేమియా కూడా ఉందన్న సంగతి నాతో పనిచేసిన కొందరు డాక్టర్లకే తెలియదు, ఈ తల్లులకు తెలుసు.

అన్నింటికంటే నన్ను కదిలించింది మరొకటి. ‘మా వంశంలో లేదు, నీ వల్లే వచ్చింది’ అని కోడలిని అనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఈ జన్యులోపాన్ని మోసేవారు భార్యాభర్తలిద్దరూ అయితేనే బిడ్డకు మేజర్ వస్తుంది. ఆ మాట నేను అత్తగార్లకు ఎన్నోసార్లు చెప్పాను, తలూపి వెళ్లిపోయేవారు. గ్రూపులోని ఒక అత్తగారు తన కొడుకు రిపోర్టు గురించి గొంతు రికార్డు చేసి పంపితే మాత్రం చాలామంది విన్నారు.

అలా విన్న ఇళ్లలో ఒకటి ఉప్పల్‌లో ఉంది. రెండోసారి గర్భం రాగానే ఆ అమ్మాయిని గ్రూపువారే తొందరపెట్టారు. ప్రతి గర్భంలోనూ మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి కనుక, పది పన్నెండు వారాల మధ్యనే మాయ నుంచి చిన్న నమూనా తీసి పరీక్షించాలి. జన్యువ్యాధుల పరీక్షలు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడీఎఫ్‌డీ ఉప్పల్‌లోనే ఉందని కూడా ఆ దంపతులకు గ్రూపు ద్వారానే తెలిసింది. పరీక్షలో కడుపులో బిడ్డకు మేజర్ లేదని తేలింది. ఇప్పుడామెకు ఏడో నెల. శ్రీమంతానికి ఎవరెవరు వస్తున్నారో చెప్పమని నిన్న గ్రూపులో అడిగింది. వంటకు లెక్క కావాలట.