ఎర్రగుంట్లకు 'వై' ఎక్కడిది?

'చిల్డ్ బీర్'ను 'చైల్డ్ బీర్' చేసిన బోర్డులు ఏ ఊళ్లోనైనా కనిపిస్తాయి. ఎర్రగుంట్ల స్టేషన్ బోర్డు సంగతి వేరు. ఇంగ్లిషులో ఊరి పేరు 'వై'తో మొదలవుతుంది. తప్పనుకునేరు! మాట మొదట్లో 'ఎ'ను మన నోరు 'యె'గానే పలుకుతుంది. రాసినవాడి చెవి మంచిదే.

అసలు తంటా కడపతో. తిరుమల కొండకు గడప కాబట్టి ఆ పేరంటారు. దొరలు దాన్ని 'కుడ్డపా' అని చదువుకునేలా రాశారు, చివర ఓ హెచ్ తగిలించి మరీ! అది దిద్దడానికి 2005 దాకా పట్టింది. ప్రభుత్వ బోర్డులు మారాయి గానీ, ఇక్కడి నల్లబండకు ఆ కబురు అందలేదు. వ్యాపారంలో ఇప్పటికీ పాత స్పెల్లింగే ఎక్కువ. ముంబయి వంటింటి గట్టెక్కితే 'కడప్పా' అయిపోతుంది. అదో ఊరి పేరని అక్కడ ఎందరికి తెలుసు? భూగర్భ శాస్త్రవేత్తల పుస్తకాల్లోనూ ఆ హెచ్ చెక్కుచెదరలేదు.