పెద్దోళ్ల ఉయ్యాల!

మన దగ్గర చీర ఉయ్యాల పసిపిల్లలకే. మెక్సికోలోని యుకటాన్‌లో తాతయ్యలకూ అదే పడక! 1492లో కొలంబస్‌ బృందం కరీబియన్‌ దీవుల్లో చూసిన ఈ పడక, తర్వాత నావికులకూ మంచమైంది.

యుకటాన్‌ రాజధాని మెరిదాలో ఇళ్ల గోడలకు కొక్కేలుంటాయి. రాత్రి తగిలించి, పొద్దున్నే తీసేస్తారు. ఉక్కపోతలో పరుపు వేడెక్కితే, నూలు వలలోంచి గాలి ఆడుతుంది. కొన్ని హోటల్‌ గదుల్లోనూ కొక్కేలుంటాయి. పర్యటకులు సరదాపడి ఎక్కుతారు. నిలువునా పడుకుని, విల్లులా వంగి, ‘అమ్మో నడుం’ అంటూ దిగిపోతారు! స్థానికులు ఐమూలగా పడుకుంటారు. అప్పుడు వల విచ్చుకుని వీపు దాదాపు చదునుగా ఆనుతుంది. ఆ కిటుకు తెలిస్తే కునుకు కాస్తా నిద్రవుతుంది.

ఉయ్యాలల అల్లికకు పేరున్న తిష్‌కోకోబ్‌ దగ్గర్లోనే ఉంది. కొనుక్కోవచ్చు... ముందు మనింటి గోడలకు కొక్కేలున్నాయో లేదో చూసుకోవాలి మరి!