ఫ్యాను మోత

అమ్మమ్మ చేత చెప్పించిన కథల్ని పాడ్‌కాస్టుగా పెడదామని కూర్చుంటే, ఏ సాఫ్ట్‌వేర్ అన్న దగ్గరే వారం గడిచిపోయింది. రీపర్ 60 రోజులు ఊరికే వాడి చూడమంటుంది. దాని మెనూలకే నాకు కళ్లు తిరిగాయి. చివరికి ఆడాసిటీ దగ్గర ఆగాను. 2000లో వచ్చిన పాతకాపు, పైసా అడగదు. మాటల్లేని చోట కాసింత ఫ్యాను మోతను ఎంచి చూపిస్తే, రికార్డింగు మొత్తంలో ఆ మోతను తగ్గిస్తుంది. మొదటిసారి అత్యాశకు పోయి మరీ తగ్గించేశాను; అమ్మమ్మ గొంతు బిందెలోంచి వచ్చినట్టయింది. వెనక్కి తీసుకుని, కాస్త మోత ఉండనిచ్చాను.

అన్నట్టు, కథ మధ్యలో ఆవిడ "వింటున్నావుట్రా?" అని అడిగి, నా "ఊఁ" కోసం ఆగుతుంది. ఇలాంటి మౌనాలను తనంతట తానే కుదించే సదుపాయం కూడా ఇందులో ఉంది. దాన్ని మాత్రం ముట్టుకోలేదు.