మేఘాల బొమ్మ చెప్పేది, చెప్పనిది

ఉపగ్రహం అనగానే మన పల్లెల్లో చాలామందికి గుర్తొచ్చేది డాబా మీది టీవీ గొడుగు. అయితే భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండి, బంగాళాఖాతాన్ని రాత్రింబవళ్లు కనిపెట్టి చూసే ఉపగ్రహాలు కూడా మన దేశానికి ఉన్నాయి. 2016లో పంపిన ఇన్సాట్-3డిఆర్, 2024లో పంపిన ఇన్సాట్-3డిఎస్ అటువంటివే. అవి తీసే మేఘాల బొమ్మలను వాతావరణ శాఖ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఈ సంగతి చాలామంది ఉపాధ్యాయులకే తెలియదంటే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

నేను దివిసీమలో ఒక హైస్కూలులో సాంఘికశాస్త్రం చెబుతాను. తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ బొమ్మలు మొదటిసారి చూపించినప్పుడు అందరూ అడిగిన మాట ఒక్కటే: “టీచర్, మా ఇల్లు ఎక్కడ?” ఈ బొమ్మలో ఒక్కొక్క చుక్క నేలమీద నాలుగు కిలోమీటర్ల పొడవు, నాలుగు కిలోమీటర్ల వెడల్పు. మా ఊరంతా ఒక్క చుక్కలో ఇమిడిపోతుంది. పిల్లలు కాస్త నిరాశపడ్డారు. తెల్లగా ఉన్నదంతా వానే అనుకున్నారు కూడా. రాత్రిపూట బొమ్మ వెలుతురుతో తీసేది కాదు, వేడిని బట్టి తీసేది. మేఘం పైభాగం ఎంత ఎత్తున, ఎంత చల్లగా ఉంటే అంత తెల్లగా కనబడుతుంది. ఈ ఒక్క మాట వాళ్ల తలకెక్కడానికి నాకు రెండు పీరియడ్లు పట్టింది.

2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వచ్చింది. 1వ తేదీ శుక్రవారం అది ఇంకా వాయుగుండమే. బులెటిన్‌లో ఇచ్చిన అక్షాంశం, రేఖాంశం చూసి పిల్లలు గోడపటం మీద గుండుసూదులు గుచ్చారు. ఒక డిగ్రీ అక్షాంశమంటే సుమారు 111 కిలోమీటర్లు గనుక, రెండు సూదుల మధ్య దూరం కొలిచి గంటకు ఎంత నడుస్తున్నదో లెక్క కట్టారు. దారం లెక్కల మీద విసుగుపడే పిల్లలే ఈ లెక్క మళ్లీ మళ్లీ చేశారు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కాగితాన్ని పళ్లెమంత గుండ్రంగా కత్తిరించి, దాని మీద గడియారం ముళ్లకు ఎదురుదిశలో తిరిగే బాణాలు గీయించాను. మన వైపు తుపానుల్లో గాలి తిరిగేది అలాగే.

సోమవారం బడికి సెలవు. నలుగురైదుగురు పిల్లలు పటం చుట్టుకుని మా వరండాలోకి వచ్చారు. తుపాను బాపట్ల దగ్గర తీరం దాటుతుందని బులెటిన్. ఒక కుర్రవాడు, “బాపట్లకు పోతోంది టీచర్, మనకేం లేదు. మా నాన్న కూడా అదే అన్నాడు” అన్నాడు. వాళ్లది కరకట్ట అవతల తాటాకు ఇల్లు.

నేను నోరు విప్పేలోగా ఒక అమ్మాయి ప్లాస్టిక్ కాగితం తీసి దాని నడిమధ్యను బాపట్ల మీద పెట్టింది. దివిసీమ కుడిపక్కకు వచ్చింది. ఆ పక్క బాణాలన్నీ సముద్రం నుంచి నేలమీదికే చూపుతున్నాయి. “గాలి నీళ్లను మనవైపే తోస్తుంది కదా?” అంది. కుర్రవాడు మాట్లాడలేదు.

అతని నాయనమ్మ కూడా అక్కడే మెట్టుమీద కూర్చుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో తాటిచెట్టును పట్టుకుని బతికిన మనిషి. ఆ రోజు ఉప్పెన సుమారు 5 మీటర్ల ఎత్తున వచ్చింది. పది వేల మందికి పైగా చనిపోయారు.

“నీళ్లు ఎంతెత్తు వస్తయ్యో నీ బొమ్మలో కనపడుద్దా, టీచరమ్మా?”

“కనపడదు మామ్మా. మేఘాలే కనపడతాయి. నీళ్ల సంగతి వాతావరణ శాఖవాళ్లు వేరే లెక్క కట్టి చెబుతారు.”

“అయితే గాలి చూసుకోండి. ఆనాడు పొద్దుటి నుంచీ ఈశాన్యం గాలి. సాయంత్రానికి సముద్రం పక్కకు తిరిగింది. ఆ తర్వాతే నీళ్లు.”

ఆమె ఏ పాఠమూ చదువుకోలేదు. పిల్లల కాగితం మాత్రం ఆ మాటనే చెబుతోంది. తుపాను దగ్గరికి వచ్చేకొద్దీ దాన్ని పటం మీద జరిపి చూస్తే, మా ఊరి దగ్గర బాణం సరిగ్గా అలాగే తిరిగింది. పిల్లలు మూడుసార్లు జరిపి చూశారు. ఆ సాయంత్రం కుర్రవాడు తండ్రిని ఎలా ఒప్పించాడో నాకు తెలియదు గానీ, చీకటి పడకముందే ఆ ఇంటిల్లిపాదీ బియ్యపు డబ్బాతో సహా బడి భవనానికి చేరారు.

5వ తేదీ మధ్యాహ్నం తుపాను బాపట్ల సమీపంలోనే దాటింది. గాలి గంటకు 90, 100 కిలోమీటర్లు. కోతకొచ్చిన వరి నేలకొరిగింది, రేకులు లేచిపోయాయి. మా ఊళ్లోకి సముద్రం రాలేదు. “అయితే మన కాగితం అబద్ధం చెప్పిందా టీచర్?” అని కుర్రవాడు మరునాడే నిలదీశాడు. మంచి ప్రశ్న. గాలి ఏ దిక్కునుంచి కొడుతుందో కాగితం చెబుతుంది, ఎంత బలంగా కొడుతుందో చెప్పదు. 1977లో గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటింది.

అప్పటి తుపాను దారి కూడా పటం మీద గీయమని మామ్మ అడిగింది. ఆనాడు మన దేశానికి సొంత వాతావరణ ఉపగ్రహం లేదు. వాతావరణ శాఖ పాత రికార్డులు చూసి ఎర్రదారంతో గుచ్చాం. అప్పుడూ తుపాను దాటింది దివిసీమలో కాదు, పడమరగా చీరాల, నిజాంపట్నం వైపున. రెండు దారాలూ సముద్రంలో వేర్వేరు దారుల్లో వచ్చినా, తీరం దగ్గర దాదాపు పక్కపక్కనే ఆగాయి. మామ్మ వేలితో రెండింటినీ తాకి, మా ఊరు ఎక్కడుందో చూపించమంది. మనవడు చూపించాడు. రెండింటికీ కుడిపక్కనే.