ఏడు నెలల కొలువు, అయిదు నెలల విరామం

గోవాలోని పాలొలెం తీరంలో సీజన్ ఉద్యోగం, చేతిలో కొంత పొదుపు. ఈ 'సగం రిటైర్మెంట్' లెక్క ఎంతవరకు నిలుస్తుంది?

మే మూడో వారంలో పాలొలెం వెళ్లినవారికి సముద్రం హోరు కన్నా ముందు సుత్తుల మోత వినిపిస్తుంది. అక్టోబర్‌లో కట్టిన ప్లైవుడ్ గదులను పలక తర్వాత పలక విప్పేస్తుంటారు. ఏ పలక ఏ గదిదో మరిచిపోకుండా సుద్దముక్కతో నెంబర్లు వేస్తారు. వెదురు గడలను కట్టలు కట్టి, పరుపులను టార్పాలిన్లలో చుట్టి కొబ్బరితోటల వెనకున్న గోదాముల్లోకి చేరుస్తారు. తాత్కాలిక నిర్మాణాలకు అనుమతి మే నెలాఖరుదాకానే. రుతుపవనాలు వచ్చేలోగా తీరం ఖాళీ కావాలి.

2025లో ఆ గడువు కూడా దక్కలేదు. మామూలుగా జూన్ మొదటివారంలో గోవాను పలకరించే రుతుపవనాలు ఆ ఏడాది మే 24నే కేరళను తాకాయి. 2009 తర్వాత అంత ముందుగా రావడం అదే మొదలు. గోవాలో అంతకు నాలుగైదు రోజుల ముందు నుంచే కుండపోత. పైకప్పులు సగం విప్పిన గదుల్లో తడిసిన పరుపులను చూసి యజమానులు తలపట్టుకున్నారు.

దక్షిణ గోవాలోని కాణకోణ తాలూకాలో నెలవంకలా ఒంగిన తీరమిది. ఒకప్పుడు జాలర్ల పడవలు, కల్లు గీసే కొబ్బరిచెట్లు తప్ప ఏమీ లేని ఊరు. 1998లో కొంకణ్ రైల్వే పూర్తిగా పట్టాలెక్కాక కాణకోణ స్టేషన్‌లో దిగి రెండు మూడు కిలోమీటర్లు ఆటోలో వెళితే చాలు, సముద్రం కనిపిస్తుంది. 2004లో విడుదలైన హాలీవుడ్ చిత్రం 'ది బోర్న్ సుప్రెమసీ' మొదటి సన్నివేశాలను ఇక్కడే తీశారు. రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్లు పనికిరావన్న నిబంధనకు ఈ ఊరు కనిపెట్టిన విరుగుడు కూడా ప్రసిద్ధమే: అందరూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిశ్శబ్దంగా నాట్యం చేసే పార్టీలు.

ఇక్కడ ఏడాదికి రెండే కాలాలు: సీజన్, ఆఫ్ సీజన్. అక్టోబర్ నుంచి మే వరకు పని, ఆపైన వాన. ఈ లయలోనే తమ జీవితాన్ని ఇరికించుకున్న కొత్తరకం మనుషులు కొందరు గత దశాబ్దంలో ఇక్కడ తేలారు. నగరాల్లో పదిహేను, ఇరవై ఏళ్లు ఉద్యోగం చేసి, కాస్త వెనకేసుకుని, నలభై దాటకుండానో దాటీదాటకుండానో రాజీనామా ఇచ్చినవారు. పూర్తిగా విశ్రాంతి తీసుకునేంత డబ్బు వారి దగ్గర లేదు. పూర్తిగా పనిచేసే ఓపికా లేదు.

లెక్క ఇలా వేశారు

వారిలో ఒకరు గుంటూరు జిల్లా నుంచి వచ్చిన 43 ఏళ్ల మాజీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. తన పేరు రాయొద్దన్నారు. "మా అమ్మ వీధిలో అందరికీ మావాడు గోవాలో హోటల్ మేనేజర్ అని చెప్పుకుంటోంది, అదలా ఉండనీయండి" అన్నారు నవ్వుతూ. అమ్మ మాటలో అబద్ధమేమీ లేదు. 14 గదుల ఓ 'హట్స్' సముదాయానికి ఆయనే మేనేజర్. బుకింగ్‌లు, సరుకులు, జీతాలు, అతిథుల గొడవలు అన్నీ ఆయన పనే. హైదరాబాద్ మాదాపూర్‌లో 17 ఏళ్లు పనిచేసి 2021లో బయటపడ్డారు. 2025 మే నాటికి నాలుగు సీజన్లు పూర్తిచేశారు.

ఆయన ఖాతా పుస్తకం తెరిచిన పుస్తకమే. అక్టోబర్ మధ్య నుంచి మే మధ్య దాకా ఏడు నెలలు, నెలకు 40 వేల జీతం: 2.8 లక్షలు. తిండి, గది ఉచితం కాబట్టి ఆ ఏడు నెలల్లో చేతి ఖర్చు నెలకు 8 వేలు దాటదు. మిగతా అయిదు నెలలు హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో, కేలాంగ్ దగ్గర ఓ రైతు ఇంటిపై అద్దె గది. వాననీడలో ఉండే ప్రాంతం అది. 2020లో అటల్ సొరంగం తెరిచాక మనాలీ నుంచి వెళ్లిరావడం తేలికైంది. అక్కడ ప్రయాణాలతో కలిపి నెలకు 28 వేలు. గుంటూరులో ఉన్న తల్లికి నెలకు 10 వేలు. ఇద్దరి ఆరోగ్య బీమాకు ఏడాదికి 60 వేలు. మొత్తం కూడితే ఖర్చు 3.76 లక్షలు. జీతం పోను లోటు 96 వేలు.

ఆ లోటును పూడ్చేది 17 ఏళ్ల పొదుపు. భవిష్యనిధి, బ్యాంకు డిపాజిట్లు, మ్యూచువల్ ఫండ్లు కలిపి 52 లక్షలు. ఏడు శాతం రాబడి వేసుకున్నా ఏడాదికి 3.64 లక్షలు. అందులో 96 వేలు మాత్రమే తీసి, మిగిలింది అసలుకు కలిపేస్తారు.

1994లో విలియం బెంగెన్ అనే అమెరికన్ ఆర్థిక సలహాదారు ఓ సూత్రం చెప్పారు. మొదటి ఏడాది పొదుపులో నాలుగు శాతం తీసుకుని, ఆ తర్వాత ధరల పెరుగుదల మేరకు మాత్రమే పెంచుకుంటూ పోతే ఆ నిధి కనీసం 30 ఏళ్లు నిలుస్తుందని అమెరికా మార్కెట్ల చరిత్ర ఆధారంగా ఆయన లెక్కగట్టారు. అంటే ఏడాది ఖర్చుకు 25 రెట్లు దాచుకోవాలి. ఈ లెక్కన గుంటూరు మేనేజర్ పూర్తిగా రిటైర్ కావాలంటే 94 లక్షలు ఉండాలి. లేవు. కానీ 96 వేల లోటుకు 25 రెట్లంటే 24 లక్షలు. అవి ఉన్నాయి, అంతకు రెట్టింపే ఉన్నాయి. "సీజన్‌లో సంపాదించే ప్రతి లక్షా పాతిక లక్షల పొదుపుతో సమానం. ఇది అర్థమయ్యాకే రాజీనామా రాశాను" అన్నారాయన.

సూత్రం సరే, దాని అంచులూ చూడాలి. బెంగెన్ లెక్క ముప్పై ఏళ్లకు. 39వ ఏట ఉద్యోగం మానినవారికి నలభై అయిదేళ్లయినా కావాలి. ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే పన్నెండేళ్లలో ఖర్చు రెట్టింపవుతుంది. రిజర్వ్ బ్యాంక్ 2025 ఫిబ్రవరిలో రెపో రేటు తగ్గించడం మొదలుపెట్టాక డిపాజిట్ల వడ్డీ కూడా దిగింది. పైగా, యాభై అయిదేళ్ల మేనేజర్‌ను తీరంలో ఎవరు పెట్టుకుంటారన్న ప్రశ్న ఉండనే ఉంది. ఆయన అవివాహితుడు. పిల్లల ఫీజులుంటే ఈ పుస్తకం మొదటి పేజీలోనే మూసేయాల్సివచ్చేది.

వానకు దాచుకునే ఊరు

పొదుపు విషయంలో గోవా ప్రజలకు బయటివారు నేర్పాల్సిందేమీ లేదు. హాయిగా, తొందర లేకుండా బతకడాన్ని ఇక్కడ 'సుసెగాద్' అంటారు. ప్రశాంతం అనే అర్థమున్న పోర్చుగీసు మాట నుంచి వచ్చింది. పర్యాటక ప్రకటనలు దాన్ని సోమరితనంగా అమ్ముతుంటాయి. ఆ హాయి వెనక ఎంత ముందుచూపు ఉందో చూడాలంటే మే చివర్లో మడ్‌గావ్ వెళ్లాలి. అక్కడి హోలీ స్పిరిట్ చర్చి ఎదుట 'పురుమెంత్' సంత జరుగుతుంది. వానాకాలానికి సరిపడా సరుకులు కొనిపెట్టుకోవడమే పురుమెంత్. ఎండుమిరప, చింతపండు, కోకం, ఉప్పులో ఊరేసిన మామిడి, ఎండు రొయ్యలు, ఎండు చేపలు కుప్పలుగా పోసి అమ్ముతారు. జూన్ 1 నుంచి జూలై 31 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. తాజా చేప దొరకని రోజులకు ఎండు చేపే దిక్కు. వేసవిలో ఆవకాయ పెట్టి, వడియాలు ఎండబెట్టుకునే మన ఇళ్లకు ఈ సంత పరాయిదనిపించదు.

మేనేజర్ పనిచేసే గదుల యజమానురాలు అరవై దాటిన స్థానిక మహిళ. సీజన్ ఆదాయాన్ని ఆమె మూడు భాగాలు చేస్తారు: లైసెన్సులకు, వచ్చే అక్టోబర్‌లో మళ్లీ కట్టడానికి, ఇంటికి. వానాకాలంలో వరి నాట్లు, కొబ్బరితోట ఉన్నాయి. "నాలుగు నెలలు డబ్బు రాదని మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వీళ్లు దాన్నిప్పుడు కంప్యూటర్‌లో రాసుకుంటున్నారు" అని మేనేజర్ వైపు చూపించారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో సీజన్ అర్ధాంతరంగా ముగిసినప్పుడు కూడా ఆ మూడోభాగమే ఇల్లు నడిపిందట.

పేరులేని విరామం

ఇదే వంటింట్లో ఓ నేపాలీ వంటమనిషి ఉన్నాడు. 1950 నాటి భారత్-నేపాల్ ఒప్పందం పుణ్యమా అని ఇక్కడ పనిచేయడానికి అతనికి అనుమతిపత్రం అక్కర్లేదు. పదకొండేళ్లుగా అతనిదీ అదే దారి: చలికాలం గోవా, వేసవి మనాలీ, మధ్యలో దశైం పండక్కి ఊరు. పొదుపు కూడా మేనేజర్‌కన్నా గట్టిదే. జీతంలో సగానికిపైగా ఇంటికి పంపుతాడు. కానీ అతని బతుకును ఎవరూ సగం రిటైర్మెంట్ అనరు. అతనికి ఆఫ్ సీజన్ అంటే మరోచోట సీజన్. తీరంలో పూసలు, దుపట్టాలు అమ్మే కర్ణాటక లమాణీ మహిళలు వాన పడగానే సొంత ఊళ్లకు విత్తనాల పనికి వెళ్లిపోతారు. పాలమూరు వలస కూలీల కథలు తెలిసిన తెలుగు పాఠకులకు ఈ లయ కొత్తేమీ కాదు.

చట్టం కూడా సీజన్ కార్మికుడిని చిన్నచూపే చూసింది. 1948 నాటి కార్మిక రాజ్య బీమా చట్టం సీజనల్ ఫ్యాక్టరీలను తన పరిధి నుంచి తప్పించింది. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం మామూలు ఉద్యోగికి ఏడాది సర్వీసుకు 15 రోజుల వేతనం లెక్కగడితే, సీజనల్ సంస్థలో పనిచేసేవారికి సీజన్‌కు ఏడు రోజులే ఇచ్చింది. మేనేజర్‌కూ వంటమనిషికీ మధ్య ఉన్న అసలు తేడా ఆ 52 లక్షలే. ఒకరు కావాలని ఆగుతున్నారు, మరొకరికి ఆగే వీల్లేదు.

పుస్తకంలో లేని పద్దు

అయితే మేనేజర్ లెక్కకు కూడా 2025 ఫిబ్రవరిలో పరీక్ష ఎదురైంది. గుంటూరులో 71 ఏళ్ల తల్లికి మోకాలి మార్పిడి తప్పనిసరైంది. రెండేళ్ల కిందట తీసుకున్న పాలసీలో ఆ శస్త్రచికిత్సకు మూడేళ్ల నిరీక్షణ గడువు ఇంకా పూర్తికాలేదు. ఖర్చు 3.5 లక్షలు. సీజన్ మొత్తం జీతం పెట్టినా 70 వేలు తక్కువ. పొదుపు నుంచి తీశారు. 52 లక్షలు 48.5 లక్షలయ్యాయి. కాగితం మీద మాత్రం నష్టమేమీ లేదు. ఆ మొత్తం మీద వచ్చే రాబడి 96 వేల లోటుకు ఇప్పటికీ మూడు రెట్లకు పైనే.

కాగితం మీద లేనిది ఆయన చెల్లెలు. గుంటూరులో ఓ ప్రైవేటు స్కూలు టీచర్. ఆపరేషన్ జరిగినప్పుడు తీరంలో సీజన్ జోరుమీదుంది. అన్న అయిదు రోజులు వచ్చి వెళ్లారు. నెలన్నర జీతంలేని సెలవుపెట్టి తల్లిని నడిపించింది, కట్లు మార్పించింది, ఫిజియోథెరపీకి తిప్పింది ఆమే. "నెలకు 18 వేల చొప్పున 27 వేలు పోయాయండీ. అన్నయ్య ఆ డబ్బు పంపిస్తానన్నాడు, కాదనను" అన్నారు ఫోన్లో. కాసేపాగి చెప్పారు: "వాడు సగం రిటైరయ్యాడు. మిగతా సగం పని ఎక్కడికి పోయింది? నా దగ్గరకు వచ్చింది. వాడు కొండల్లో ఉండే అయిదు నెలలూ అమ్మకు మందులు, బ్యాంకు, కరెంటు బిల్లు ఎవరు చూస్తున్నారు? అవి వాడి పుస్తకంలో ఏ లైనులో ఉన్నాయో అడగండి."

అడిగాను. ఆయన వెంటనే జవాబివ్వలేదు. గోదాముకు వెళ్లే చివరి పరుపుల లెక్క చూసుకుని వచ్చాక అన్నారు: "లేవండీ. చెల్లి చేసే పనికి ధర కడితే, జీతానికి మనిషిని పెట్టుకుంటే, నెలకు 15 వేలు. ఏడాదికి 1.8 లక్షలు. లోటు 2.76 లక్షలకు పోతుంది. పాతికతో గుణిస్తే 69 లక్షలు. నేను రిటైర్ కాకూడదు." ఇన్నాళ్లూ నిలిచినట్టు కనిపించిన లెక్క నిలిచింది చెల్లెలి భుజాల మీదేనని ఆ గుణకారం చెబుతోంది.

దాన్ని సరిచేయడానికి ఆయన మళ్లీ మాదాపూర్ వెళ్లడం లేదు. వంటి మీద పని తగ్గించుకోవాలనుకునేవారికి రెండు దారులే ఉన్నాయి: డబ్బు ఇవ్వడం, లేదా కాలం ఇవ్వడం. ఆయన దగ్గర రెండోదే ఎక్కువ ఉంది. అందుకే కేలాంగ్ గది వదిలేశారు. జూన్ నుంచి అక్టోబర్ దాకా గుంటూరులో తల్లి దగ్గర ఉంటారు. అద్దె, ప్రయాణాలు మిగలడంతో నెల ఖర్చు 28 వేల నుంచి 15 వేలకు దిగుతుంది. అయిదు నెలల్లో మిగిలే 65 వేలతో, తాను గోవాలో ఉండే కాలంలో నాలుగు నెలలపాటు సహాయకురాలిని పెట్టవచ్చు. మిగిలిన మూడు నెలల ఖర్చుకు, అందులో మిగిలే 5 వేలు పోను, పొదుపు నుంచి మరో 40 వేలు తీయాలి. అప్పుడు లోటు 1.36 లక్షలు. పాతికతో గుణిస్తే 34 లక్షలు. 48.5 లక్షల నిధి దాన్ని మోయగలదు.

గుంటూరులో జూన్ ఎండ, ఉక్కపోత తెలిసినవారెవరూ దాన్ని లాహౌల్ లోయతో పోల్చరు. చెల్లెలు మాత్రం వేసవి సెలవులు అయిపోకముందే, పిల్లలతో వారంపాటు అరకు వెళ్లడానికి రైలు టిక్కెట్లు కొనేశారు. ఆ ఇంట్లో ఇంతవరకూ ఆఫ్ సీజన్ ఒక్కరికే ఉండేది.